చిన్న ఉపగ్రహానికి ఎలక్ట్రిక్ థ్రస్టర్: ఎలా ఎంచుకోవాలి, కక్ష్యలో ఎలా నడపాలి

"మా క్యూబ్‌శాట్‌కి ఏ థ్రస్టర్ పెట్టమంటారు?" ఇంజినీరింగ్ విద్యార్థులు, కొత్తగా స్పేస్ కంపెనీల్లో చేరినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. క్యూబ్‌శాట్ అంటే 10 సెం.మీ. ఘనాలను పేర్చినట్టుండే చిన్న ఉపగ్రహం, థ్రస్టర్ అంటే దాన్ని అంతరిక్షంలో నెట్టే చిన్న ఇంజన్. పేరు చెప్పి పంపించేయడం తేలికే గానీ, అది మీకు పనికిరాదు. మీ ఉపగ్రహం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో వెళ్లాలి, ఎన్ని వాట్లు ఖర్చు పెట్టగలదు అన్న మూడు లెక్కలు తేలాకే థ్రస్టర్ పేరు మాట్లాడుకోవాలి. ఆ లెక్కలు వేసే పద్ధతిని వరసగా రాస్తున్నాను. పక్కన కాగితమో స్ప్రెడ్‌షీటో పెట్టుకుని, నా అంకెల స్థానంలో మీవి వేసుకుంటూ చదవండి.

దగ్గర ఉండాల్సినవి

- ప్రయోగం నాటికి ఉపగ్రహం బరువు, దాని గరిమనాభి ఎక్కడుందో చూపే డ్రాయింగ్
- చేరబోయే కక్ష్య ఎత్తు, వాలు (భూమధ్యరేఖతో కక్ష్య చేసే కోణం)
- సోలార్ ప్యానెళ్లు నిజంగా ఇచ్చే వాట్లు, బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లు
- రియాక్షన్ వీల్స్ (లోపల తిరుగుతూ ఉపగ్రహం ముఖాన్ని తిప్పే చక్రాలు), మాగ్నెటార్కర్ల (భూమి అయస్కాంత క్షేత్రం ఆసరాతో తిప్పే విద్యుత్ అయస్కాంతాల) సామర్థ్యం
- జీపీఎస్ రిసీవర్ (లేకపోతే చివరి అడుగులో ఇబ్బంది పడతారు)
- థ్రస్టర్ తయారీదారు ఇచ్చే పరీక్షా నివేదిక. రంగురంగుల బ్రోచర్ చాలదు, వాక్యూమ్ ఛాంబర్‌లో కొలిచిన అంకెలు అడిగి తీసుకోండి.

సిద్ధాంతం ఒక్క ముక్క చాలు. రసాయన రాకెట్ బలం ఇంధనం మండడం వల్ల వస్తుంది. ఎలక్ట్రిక్ థ్రస్టర్ బలం సోలార్ ప్యానెల్ ఇచ్చే కరెంటు నుంచి వస్తుంది. అది చాలా తక్కువ పదార్థాన్ని చాలా ఎక్కువ వేగంతో బయటికి విసురుతుంది. అందుకే ఇంధనం గ్రాముల్లో సరిపోతుంది, తోపు (నెట్టే బలం) మాత్రం మిల్లీన్యూటన్లలో ఉంటుంది. ఒక మిల్లీన్యూటన్ అంటే అరచేతిలో నాలుగైదు బియ్యపు గింజలు పెడితే తెలిసే బరువు. మన ఉపగ్రహాన్ని నెలల తరబడి తోసేది ఆ బరువే.

అడుగు 1: "తిప్పడం" అంటే మీ ఉద్దేశం ఏమిటో తేల్చుకోండి

ఉపగ్రహం ముఖాన్ని తిప్పడం వేరు, ఉపగ్రహం దారిని మార్చడం వేరు. కెమెరాను హైదరాబాద్ వైపు తిప్పాలంటే రియాక్షన్ వీల్స్, మాగ్నెటార్కర్లు చాలు, థ్రస్టర్ అక్కర్లేదు. కక్ష్య ఎత్తు పెంచాలన్నా, తోటి ఉపగ్రహానికి దూరం సర్దుకోవాలన్నా, ఢీకొట్టే ముప్పు తప్పించుకోవాలన్నా, పని అయ్యాక కిందికి దించాలన్నా థ్రస్టర్ కావాలి. మీ అవసరం మొదటి రకమే అయితే ఇక్కడితో ఆగండి. బరువు, డబ్బు, అనుమతుల టెన్షన్ అన్నీ మిగులుతాయి.

అడుగు 2: డెల్టా-వీ పట్టిక వేయండి

వేగంలో మొత్తం ఎంత మార్పు కావాలో అదే డెల్టా-వీ. 500 కి.మీ. ఎత్తు ప్రాంతంలో ఒక కిలోమీటరు ఎక్కడానికి గానీ దిగడానికి గానీ సుమారు 0.55 మీ./సె. పడుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే సగం లెక్కలు నోటితోనే చేసేయొచ్చు.

10 కిలోల 6యూ (ఆరు ఘనాల సైజు) క్యూబ్‌శాట్ 500 కి.మీ. దగ్గర విడుదలైందనుకుందాం. దాని పనులు ఇవి:

- 20 కి.మీ. పైకి వెళ్లడం: 11 మీ./సె.
- ఎత్తు కాపాడుకోవడం, ముప్పు తప్పించుకోవడం: 30 మీ./సె.
- చివర్లో 520 నుంచి 350 కి.మీ.కి దిగడం: 95 మీ./సె. (అక్కడి నుంచి గాలి రాపిడే లాగేస్తుంది)

మొత్తం 136. నాలుగో వంతు అదనంగా కలిపి 170 మీ./సె. అనుకుందాం.

హెచ్చరిక: కక్ష్య వాలు మార్చే పనిని ఈ పట్టికలో తేలిగ్గా చేర్చకండి. నిరంతరంగా చిన్న తోపుతో ఒక్క డిగ్రీ వాలు మార్చాలంటే దాదాపు 209 మీ./సె. కావాలి. పైన రాసుకున్న జీవితకాలపు బడ్జెట్ కంటే అది ఎక్కువ. సరైన వాలుకు తీసుకెళ్లే రాకెట్‌ను వెతుక్కోవడమే మంచిది.

అడుగు 3: ఇంధనం లెక్క

థ్రస్టర్ల పత్రాల్లో ఐఎస్‌పీ (స్పెసిఫిక్ ఇంపల్స్, ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కొలత) అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది. దాన్ని 9.81తో గుణిస్తే పదార్థం బయటికి వెళ్లే వేగం వస్తుంది. చిన్న డెల్టా-వీలకు ఈ సూత్రం చాలు: ఇంధనం = బరువు × డెల్టా-వీ ÷ బయటికి వెళ్లే వేగం.

ఐఎస్‌పీ 2000 సెకన్లైతే ఆ వేగం 19,620 మీ./సె. మన ఉపగ్రహానికి 10 × 170 ÷ 19,620, అంటే 87 గ్రాముల లోపే. ఇదే పనిని ఐఎస్‌పీ 50 సెకన్లున్న కోల్డ్ గ్యాస్‌తో (మండించకుండా, ఒత్తిడిలో ఉన్న గ్యాస్‌ను వదలడం) చేయాలంటే దాదాపు 2.9 కిలోలు కావాలి (ఇక్కడ పూర్తి రాకెట్ సమీకరణమే వాడాలి, పై సూత్రం పనిచేయదు). ఉపగ్రహంలో దాదాపు మూడో వంతు గ్యాసే ఉంటే కెమెరా ఎక్కడ పెడతారు?

అడుగు 4: వాట్లు, రోజులు

నిజమైన కష్టం ఇక్కడుంది. ఇంధనం బాగా తగ్గిందని సంతోషించి చాలామంది అడుగు 3 దగ్గరే ఆగిపోతారు. మీరు మాత్రం ఆగకండి.

తోపు = 2 × సామర్థ్యం × వాట్లు ÷ బయటికి వెళ్లే వేగం. చిన్న థ్రస్టర్ల మొత్తం సామర్థ్యం 20 శాతం అనుకోవచ్చు. 50 వాట్లు ఇస్తే 2 × 0.2 × 50 ÷ 19,620, అంటే సుమారు 1 మిల్లీన్యూటన్.

ఎంతసేపు నడపాలి? 10 × 170 ÷ 0.001 = 17 లక్షల సెకన్లు. ఆపకుండా నడిపితే 20 రోజులు. 95 నిమిషాల చుట్టులో 24 నిమిషాలే నడపగలిగితే 80 రోజులు.

"అయితే ఐఎస్‌పీ 4000 ఉన్నది తీసుకుంటాం, ఇంకా మంచిది కదా" అంటారు. లెక్క వేసి చూడండి. అదే 50 వాట్లకు తోపు సగానికి పడిపోతుంది, 80 రోజుల పని 160 రోజులవుతుంది. మిగిలేది 43 గ్రాములు. ఉపగ్రహం ఆయుష్షులో 80 రోజులను 43 గ్రాముల కోసం ఇచ్చేస్తారా? దూర గ్రహాలకు వెళ్లే నౌకకు ఎక్కువ ఐఎస్‌పీ మేలే. భూమి చుట్టూ తిరిగే చిన్న ఉపగ్రహానికి దొరకనివి వాట్లు, రోజులు. ఇంధనం వాటి తర్వాతే.

ఇప్పుడు ఒక చుట్టుకు కరెంటు పద్దు రాయండి. ప్యానెళ్లు 50 వాట్లు ఇస్తాయి, ఎండ 60 నిమిషాలు, వచ్చేది 50 వాట్-అవర్లు. ఉపగ్రహం సొంత అవసరాలు 10 వాట్లు, చుట్టు మొత్తానికి 16. థ్రస్టర్ 24 నిమిషాలకు 20, వేడెక్కించడానికి మరో 5. మిగిలేది 9. రేడియో, పేలోడ్ (కెమెరా లాంటి అసలు పని చేసే పరికరం), బ్యాటరీ నష్టాలు అన్నీ అందులోనే సర్దాలి.

ఇంతవరకూ అందరూ రాస్తారు. మర్చిపోయేది ఇది: థ్రస్టర్ నడిచేటప్పుడు ఉపగ్రహం దిశను కక్ష్య నిర్ణయిస్తుంది, ఆ సమయంలో ప్యానెళ్లు సూర్యుడి వైపు ఉంటాయన్న హామీ లేదు. 60 డిగ్రీలు పక్కకు తిరిగితే ప్యానెల్ ఇచ్చేది సగమే. ఆ 24 నిమిషాల్లో 10 వాట్-అవర్లు పోతాయి. పద్దు మైనస్ ఒకటిలోకి వెళ్లిపోయింది! నేను చూసిన ఒక విద్యార్థి బృందం ఈ సంగతిని డిజైన్ అంతా అయ్యాక గమనించింది. ప్యానెళ్ల కీలును మార్చే వీలు అప్పటికి లేదు, చివరికి ఒక్కో చుట్టుకు 10 నిమిషాలే నడపాలని సర్దుకున్నారు. మీరు మొదటి వారంలోనే చూసుకోండి.

అడుగు 5: రకం ఎంచుకోండి

*పల్స్‌డ్ ప్లాస్మా థ్రస్టర్.* టెఫ్లాన్ దిమ్మెను విద్యుత్ మెరుపుతో కొద్దికొద్దిగా ఆవిరి చేస్తుంది. ట్యాంకు లేదు, వాల్వులు లేవు, కొన్ని వాట్లతోనే నడుస్తుంది. సోవియట్ జోండ్-2లో 1964లోనే ఇది ఎగిరింది. తోపు బాగా తక్కువ. చిన్న చిన్న సవరణలకు సరిపోతుంది, మన 170 మీ./సె. పనికి కాదు.

*ద్రవలోహ థ్రస్టర్.* ఇండియంను కరిగించి (157 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది) సూది మొనల నుంచి అయాన్లుగా లాగుతుంది. పీడనం ఉండే ట్యాంకు లేకపోవడంతో రాకెట్ కంపెనీ భద్రతా ప్రశ్నలు తగ్గుతాయి. కానీ లోహాన్ని కరిగించే, కరిగిన స్థితిలో ఉంచే వాట్లు పద్దులో రాయాల్సిందే.

*అయోడిన్ అయాన్ థ్రస్టర్.* 6యూ, 12యూ సైజులకు నేను మొదట చూసేది ఇదే. అయోడిన్ ఘనరూపంలో కూర్చుంటుంది, వేడి చేస్తే నేరుగా ఆవిరవుతుంది. 2020 నవంబర్‌లో ప్రయోగించిన చైనా ఉపగ్రహం బైహాంగ్‌కోంగ్‌షీ-1లో ఫ్రెంచ్ కంపెనీ థ్రస్ట్‌మీ చేసిన ఇంజన్ దీన్ని అంతరిక్షంలో తొలిసారి నిరూపించింది. ఒక్క చిక్కుంది, అయోడిన్ చాలా లోహాలను తినేస్తుంది. దాని ఆవిరి తగిలే చోట ఏ పదార్థం వాడారో తయారీదారును లిఖితపూర్వకంగా అడగండి.

*హాల్ థ్రస్టర్.* 100 వాట్లు దాటగలిగితే ఇది బాగుంటుంది. స్టార్‌లింక్ ఉపగ్రహాలు మొదట క్రిప్టాన్‌తో, తర్వాతి తరంలో ఆర్గాన్‌తో నడిపేది దీన్నే, ఎందుకంటే ఇలాంటి ఇంజన్లలో మామూలుగా వాడే జినాన్ గ్యాస్ ఖరీదు ఎక్కువ. మన దేశంలో బెంగళూరుకు చెందిన బెల్లాట్రిక్స్ తయారు చేసిన ఆర్కా-200 హాల్ థ్రస్టర్‌కు చెందిన హీటర్ లేని కాథోడ్ (ఎలక్ట్రాన్లు ఇచ్చే భాగం), 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ58 నాలుగో దశలో, అంటే పోయెమ్-3 అనే ప్రయోగ వేదిక మీద, ఎగిరింది. హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ వేదిక కూడా అదే పోయెమ్-3 మీద వెళ్లింది. పూర్తి ఉపగ్రహం కట్టకుండానే థ్రస్టర్‌ను అంతరిక్షంలో పరీక్షించుకునే ఈ అవకాశం మనకు దగ్గరలోనే ఉందని గుర్తుంచుకోండి.

తొందరగా కదలడమే ముఖ్యమైతే నీటిని వేడిచేసి ఆవిరిగా వదిలే థ్రస్టర్ చూడండి. టోక్యో విశ్వవిద్యాలయం, జాక్సా కలిసి చేసిన 6యూ నౌక ఈక్యులియస్ 2022లో నీటితోనే దారి సవరించుకుంది. ఐఎస్‌పీ తక్కువే, తోపు మాత్రం ఎక్కువ.

అడుగు 6: బిగించేటప్పుడు గరిమనాభి గుండా బిగించండి

తోపు గీత గరిమనాభి నుంచి 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే ఏమవుతుంది? 1 మిల్లీన్యూటన్ × 5 మి.మీ. = 5 మైక్రోన్యూటన్-మీటర్ల మెలి. చిన్నదే. కానీ 24 నిమిషాలు, అంటే 1440 సెకన్లు ఆగకుండా తిప్పితే 7.2 మిల్లీన్యూటన్-మీటర్-సెకన్లు పోగుపడతాయి. మీ రియాక్షన్ వీల్ సామర్థ్యం 10 అయితే ఒక్క బర్న్‌కే (థ్రస్టర్‌ను ఒకసారి నడపడానికే) ముప్పావు వంతు నిండినట్టు. మాగ్నెటార్కర్ దాన్ని ఖాళీ చేసేలోపు తర్వాతి బర్న్ వచ్చేస్తుంది. రెండో రోజుకే ఉపగ్రహం గిర్రున తిరగడం మొదలవుతుంది.

సరిచూసుకునే పద్ధతి: ఇంధనం నిండుగా ఉన్నప్పుడు, ఖాళీ అయ్యాక, ప్యానెళ్లు విచ్చుకున్నాక, మూడు స్థితుల్లోనూ గరిమనాభిని విడివిడిగా లెక్కించండి. ప్యానెళ్లు ముడుచుకున్న స్థితిలో తూచిన అంకెనే కక్ష్యలోనూ వాడేయడం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

ఇంకొకటి, థ్రస్టర్ నోటి నుంచి చుట్టూ 45 డిగ్రీల శంకువులో ప్యానెల్ గానీ, స్టార్ ట్రాకర్ (నక్షత్రాలను చూసి దిశ చెప్పే కెమెరా) గానీ, యాంటెన్నా గానీ ఉండకూడదు. ఇండియం, అయోడిన్ పొర కట్టిన అద్దాన్ని అక్కడికి వెళ్లి ఎవరూ తుడవలేరు.

అడుగు 7: నేల మీద పరీక్ష

వాక్యూమ్ ఛాంబర్ దొరకని బృందాలే ఎక్కువ. అయినా చేయగలిగేవి చాలా ఉన్నాయి.

1. థ్రస్టర్ బదులు అంతే కరెంటు లాగే డమ్మీ లోడ్ పెట్టి, పవర్ యూనిట్‌ను ఉపగ్రహం బ్యాటరీతోనే నడపండి. స్విచ్ వేసిన క్షణంలో బస్ వోల్టేజ్ ఎంత పడిపోతుందో ఆసిలోస్కోప్‌లో చూడండి. కంప్యూటర్ రీసెట్ అయితే సమస్య ఇక్కడే దొరుకుతుంది.
2. ఆ సమయంలో రేడియో రిసీవర్ వినికిడి తగ్గిందా చూడండి. థ్రస్టర్ నడుస్తుంటే "ఆపు" అన్న ఆదేశం వినపడని ఉపగ్రహం ప్రమాదకరం.
3. పవర్ యూనిట్ నష్టాలు వేడిగా లోపలే ఉండిపోతాయి. 50 వాట్లలో 15 శాతం పోయినా 7.5 వాట్లు. గాలి లేని చోట ఆ వేడి చట్రం గుండానే బయటికి పోవాలి.
4. విడుదల పెట్టెలో ఉండగా థ్రస్టర్ ఏ పరిస్థితిలోనూ వెలగకుండా మూడు వేర్వేరు అడ్డంకులు పెట్టండి. ఒకటి సాఫ్ట్‌వేర్‌ది ఉన్నా, మిగతావి హార్డ్‌వేర్‌వై ఉండాలి.

హెచ్చరిక: వాక్యూమ్ సగంలో ఉండగా హై వోల్టేజ్ వేయకండి. మామూలు గాలిలో గానీ, బాగా గట్టి వాక్యూమ్‌లో గానీ ఆగే వోల్టేజ్, ఒక టార్ (మామూలు గాలి పీడనంలో 760వ వంతు) దరిదాపుల్లో మెరుపులా దూకేస్తుంది. కక్ష్యలో కూడా ఇదే నియమం. లోపలి ప్లాస్టిక్, జిగురు నుంచి వాయువులు బయటికి పోవడానికి కొన్ని రోజులు ఇచ్చి, అప్పుడు స్విచ్ వేయండి.

అడుగు 8: మొదటిసారి వెలిగించడం

ముందుగా మీ ప్రణాళికను ఉపగ్రహాలు ఢీకొట్టుకోకుండా గమనించే ఇస్రో వారి ఐఎస్4ఓఎమ్ కేంద్రానికి తెలియజేయండి. చెప్పకుండా కదిలే ఉపగ్రహం దారి మిగతావాళ్లకు తెలియదు. గ్రౌండ్ స్టేషన్‌కు కనపడే సమయంలోనే మొదలుపెట్టండి. ముందు హీటర్ మాత్రమే, తర్వాతి చుట్టులో తక్కువ వోల్టేజ్, ఆ తర్వాత ఐదు నిమిషాల బర్న్. ప్రతిసారీ కరెంటు, వోల్టేజ్, ఉష్ణోగ్రత, వీల్ వేగం రాసిపెట్టుకోండి.

మధ్యలో ఆగిపోతే కంగారు పడకండి. నాసా డీప్ స్పేస్ 1 అయాన్ ఇంజన్ 1998 నవంబర్ 10న నాలుగున్నర నిమిషాలకే ఆగిపోయింది. రెండు వారాల తర్వాత, 24న, మళ్లీ వెలిగింది. చివరికి 16 వేల గంటలకు పైగా నడిచింది. ఆ రెండు వారాల్లో వాళ్లు కారణం వెతికారు. మీరూ అదే చేయండి.

అడుగు 9: నిజంగా కదిలిందా?

కరెంటు సరిగ్గా లాగింది కాబట్టి తోపు వచ్చిందనుకోకండి. రుజువు కక్ష్యలోనే చూడాలి.

మన ఉదాహరణలో ఒక బర్న్ 0.144 మీ./సె. ఇస్తుంది. కక్ష్య సగటు ఎత్తు సుమారు 260 మీటర్లు పెరగాలి. చుట్టు సమయం 0.32 సెకన్లు పెరగాలి. అంటే పాత లెక్క ప్రకారం ఉండాల్సిన చోటుకంటే చుట్టుకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున వెనకబడుతుంది. ఎత్తులో వందల మీటర్ల తేడా కంటే ఈ వెనకబాటు చాలా తేలిగ్గా కనపడుతుంది. నేను ముందు చూసేది అదే.

ఇక్కడ రెండు పొరపాట్లు పదేపదే చూస్తున్నాను.

ఒకటి, జీపీఎస్ ఇచ్చిన ఆ క్షణపు ఎత్తును ముందు, తర్వాత పోల్చడం. భూమి పూర్తి గుండ్రం కాదు కాబట్టి ఒక్క చుట్టులోనే ఆ అంకె కిలోమీటర్ల మేర ఊగుతుంది, మీ 260 మీటర్లు అందులో కలిసిపోతాయి. బర్న్‌కు ముందు కొన్ని చుట్లు, తర్వాత కొన్ని చుట్లు సగటు తీసి పోల్చండి. జీపీఎస్ లేక బయటివాళ్లు ఇచ్చే కక్ష్యా వివరాల మీదే ఆధారపడితే, పది పదిహేను బర్న్‌లు అయ్యేదాకా తీర్పు చెప్పకండి.

రెండోది, ముందున్న తోటి ఉపగ్రహాన్ని అందుకోవాలని ముందుకు తోయడం. ముందుకు తోస్తే పైకెక్కుతారు, పైన చుట్టు పొడవు ఎక్కువ, వేగం తక్కువ, ఇంకా వెనకబడతారు. అందుకోవాలంటే వెనక్కి తోసి కిందికి దిగాలి, దగ్గరికి చేరాక మళ్లీ ఎక్కాలి. కంటికి విరుద్ధంగా అనిపిస్తుంది గానీ, కక్ష్యలో దారి ఇదే.

ఎప్పుడూ చుట్టులో ఒకే చోట నడుపుతుంటే ఎదురు వైపు ఎత్తు మాత్రమే పెరుగుతూ కక్ష్య కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. ఎండ ఉన్నచోటే నడుపుతాం అనేవాళ్లకు ఇది తప్పకుండా ఎదురవుతుంది. వీలైతే 24 నిమిషాలను ఎదురెదురుగా 12, 12 చేయండి. వేడెక్కించే ఖర్చు రెండుసార్లు పడుతుంది, ఒకటి నీడలో పడితే బ్యాటరీ మీద భారం. అది కుదరకపోతే బర్న్ చోటును రోజురోజుకూ కొంచెం జరుపుతూ వెళ్లండి.

కొలిచిన తోపు అనుకున్నదానిలో 90 శాతం దాటితే బాగున్నట్టే. 70 కంటే తగ్గితే ముందు ఉపగ్రహం దిశ చూడండి, తర్వాత ఇంధనం ప్రవాహం, చివర్లో థ్రస్టర్‌ను అనుమానించండి.

ప్రతి నెలా ఒక పని చేయండి. కొలిచిన తోపుతో ఇప్పటిదాకా ఖర్చైన ఇంధనం లెక్కగట్టి, కిందికి దిగడానికి కావలసిన 95 మీ./సె. వాటా, అంటే దాదాపు 50 గ్రాములు, ట్యాంకులో ఉందో లేదో చూడండి. ఇస్రో 2030 నాటికి శకలాలు మిగల్చని ప్రయోగాలు కావాలని లక్ష్యం పెట్టుకుంది. అమెరికా 2022లో తెచ్చిన నియమం ప్రకారం తక్కువ ఎత్తు ఉపగ్రహాలు పని ముగిశాక ఐదేళ్లలో దిగిపోవాలి. ట్యాంకులో మిగిలింది ఆ 50 గ్రాములే అయిన రోజున, పేలోడ్ ఎంత బాగా పనిచేస్తున్నా సరే, ఉపగ్రహాన్ని వెనక్కి తిప్పి దించడం మొదలుపెట్టండి.